చెవితో కొనే మాండలిన్



మాండలిన్ నేర్పడం మొదలుపెట్టి నాకు చాలా ఏళ్ళయింది. ఇన్నేళ్ళలో నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒక్కటే. "మాస్టారూ, మా అబ్బాయికి మాండలిన్ కొందామనుకుంటున్నాం. ఏ కంపెనీది మంచిది?" ఈమధ్య ఇంకో ప్రశ్న కూడా తోడైంది. "చేత్తో చేసే పనివాళ్ళున్నారట కదా. ఒక్కరే కూర్చుని మొత్తం వాద్యం చేస్తారట. వాళ్ళ దగ్గర చేయించుకుంటే మంచిదా? ఎలా చూసి తీసుకోవాలి?" ఈ రెండో ప్రశ్న గురించే ఇవాళ నాలుగు మాటలు చెప్పుకుందాం.

ముందుగా నా మొదటి మాండలిన్ సంగతి చెప్పాలి. అది చెబితే తప్ప మిగతాది అర్థం కాదు.

నాకప్పుడు పద్నాలుగేళ్ళు. నాన్నగారు పట్నంలో ఒక కొట్లో కొనిపెట్టారు. ఎంత అందంగా ఉండేదో! నడుమ తేనె రంగు. అంచులకు పోయేకొద్దీ ముదురు ఎరుపు. ముఖం చూసుకునేంత మెరుపు. రాత్రి పక్కలో పెట్టుకుని పడుకునేవాణ్ణి. కాని వాయించబోతే వేళ్ళు మండిపోయేవి. తీగ నొక్కాలంటే బలమంతా పెట్టాలి. వేళ్ళ కొసలు బొబ్బలెక్కేవి. కింది మెట్ల మీద స్వరం బాగానే పలికేది. పైకి వెళ్ళేకొద్దీ శ్రుతి తప్పేది. తారస్థాయి షడ్జం ఎప్పుడూ కాస్త ఎక్కువ పలికేది. గురువుగారు చెవి మెలిపెట్టేవారు. నేను మళ్ళీ సాధన చేసేవాణ్ణి. మళ్ళీ అదే అపశ్రుతి.

రెండేళ్ళు. రెండేళ్ళపాటు దోషం నాదేననుకున్నాను. నాకు చెవి లేదనుకున్నాను. ఇక మానేద్దామనుకున్నాను.

అప్పుడు మా ఊళ్ళో హార్మోనియంలు, వయొలిన్లు బాగుచేసే ఒక పెద్దాయన ఉండేవారు. తీగ తెగితే మార్పించుకోవడానికి వెళ్ళాను. ఆయన వాద్యాన్ని కంటి ఎత్తుకి లేపి, తుపాకీ గురి చూసినట్టు మెడ వెంబడి చూశారు. జేబులోంచి ఒక నాణెం తీసి పన్నెండో మెట్టు మీద, తీగ కింద దూర్చారు. దాని మీద ఇంకోటి పెట్టారు. రెండు నాణేలూ దూరాయి. "బాబూ, దీని మీద ఎలా వాయిస్తున్నావు?" అన్నారు. అరగంట పని. తీగల్ని మోసే బ్రిడ్జిని దించారు, ఒక వెంట్రుకవాసి వెనక్కి జరిపారు. మెడ చివర తీగలు ఆనే గాళ్ళను సన్నటి ఆకురాయితో కాస్త లోతు చేశారు. ఇచ్చి వాయించమన్నారు. తారస్థాయి షడ్జం సూటిగా, శుద్ధంగా పలికింది.

నేను అక్కడే ఏడ్చేశాను.

అందుకే ఈ విషయంలో నాకింత పట్టుదల. వాద్యం బాగోకపోతే పిల్లలు వాద్యాన్ని తప్పుపట్టరు. తమను తాము తప్పుపట్టుకుంటారు. చూశారుగా, నాది కంటితో కొన్న మాండలిన్. మాండలిన్‌ని చెవితో కొనాలి. ఈ మాట ఇవాళ మళ్ళీ మళ్ళీ చెబుతాను, విసుక్కోకండి.

మాండలిన్ అనగానే మన తెలుగువాళ్ళకి ముందు గుర్తొచ్చేది పాలకొల్లు. మాండలిన్ విద్వాంసుడు ఉప్పలపు శ్రీనివాస్ 1969లో పుట్టింది అక్కడే. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ వాయించేవారు. ఇంట్లో ఉన్న తండ్రిగారి మాండలిన్‌ని ఆరేళ్ళ పిల్లవాడు చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు. ఆయన మాండలిన్ వాయించేవారు కాదు, పాడేవారు. గురువు పాడితే, ఆ పాటని శిష్యుడు తీగల మీదికి తెచ్చుకునేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొమ్మిదేళ్ళ వయసులో మొదటి కచేరీ చేశాడు.

ఇప్పుడు మనకి కావలసిన సంగతి. మామూలు మాండలిన్‌కి ఎనిమిది తీగలుంటాయి. రెండేసి తీగలు జంటగా, నాలుగు జంటలు. వయొలిన్‌కి పడమటి దేశాల్లో ఎలా శ్రుతి చేస్తారో దీనికీ అలాగే. మీటగానే గలగలమంటుంది, వెంటనే ఆగిపోతుంది. అక్కడి పాటలకి అది చాలు. మన సంగీతానికి చాలదు. గమకం కావాలి. తీగని లాగాలి, జార్చాలి, ఒక్క మీటుకి నాలుగు స్వరాలు పలికించాలి. జంట తీగల్ని సమానంగా లాగడం మహా కష్టం. పైగా లాగేలోపే నాదం అయిపోతుంది. అందుకని శ్రీనివాస్ జంటలు వదిలేసి ఒంటి తీగలు, అవీ ఐదు, ఉన్న విద్యుత్ మాండలిన్ పట్టుకున్నాడు. నాదం నిలిచింది, గమకం పలికింది. ఆ వాద్యంతోనే 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు.

తనకేం కావాలో ఆయనకి తెలుసు. వాద్యాన్ని దానికి తగ్గట్టు మార్చుకున్నాడు. మీరు పనివాడి దగ్గరికి వెళ్ళేముందు తేల్చుకోవలసింది ఇదే. ఏం వాయిస్తారు? కర్ణాటక సంగీతమా, సినిమా పాటలా, పాశ్చాత్య సంగీతమా? మంచి పనివాడు మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న కూడా ఇదే. డబ్బు మాట తర్వాత వస్తుంది. మీరేం వాయిస్తారో అడక్కుండా ధర చెప్పేవాడి దగ్గర కొనకండి. నా అనుభవం మీద చెబుతున్న మాట ఇది.

కొన్నేళ్ళ క్రితం మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్ళాను. వాళ్ళ ఊరికి రెండు గంటల దూరంలో ఒకాయన మాండలిన్లు చేస్తారని తెలిసి, తీసుకెళ్ళమని అల్లుణ్ణి బతిమాలాను. ఇంటి వెనక కారు పెట్టుకునే షెడ్డు, అదే ఆయన కార్ఖానా. పనివాళ్ళు ఎవరూ లేరు. ఆయనొక్కరే. షెడ్డులో అడుగు పెట్టగానే గుగ్గిలం లాంటి వాసన. నేల నిండా ఉల్లిపొరల్లాంటి చెక్క పొరలు.

మాండలిన్ పైపలకని స్ప్రూస్ కర్రతో చేస్తారు. మన హిమాలయాల దేవదారుకి చుట్టం ఆ చెట్టు. తేలిక, కాని గట్టి. వెనక పలక, పక్కలు, మెడ మేపుల్ కర్ర. మన బొబ్బిలి వీణకి పనస ఎలాగో దీనికి ఈ రెండూ అలాగ. ఆ పైపలకని వంచి చెయ్యరు. మందపాటి చెక్కని లోపలా బయటా చెక్కి, ఉబ్బెత్తుగా తీస్తారు. నడుమ ఐదు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, అంచు దగ్గరికి వచ్చేసరికి మూడు. అంతే. ఎనిమిది తీగలూ బిగిస్తే మొత్తం లాగుడు దాదాపు 80 కిలోలు. ఆ లాగుడుకి ఓర్చుకోవాలి, అయినా చిన్న మీటుకి వణకాలి. బలంగా ఉంచితే పలకదు. పల్చగా తీస్తే కుంగిపోతుంది. ఆ రెంటి నడుమ ఉన్న సన్నటి గీతని పట్టుకోవడమే ఈ పనితనమంతా.

ఆయన ఎలా పట్టుకుంటారో చూశాను. పలక అంచుని ఎడమచేతి రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చెవి దగ్గర పెట్టుకున్నారు. కుడిచేతి వేలి కణుపుతో కొట్టారు. 'టక్' మంది. బొటనవేలంత చిన్న ఇత్తడి చిత్రిక తీసుకుని నాలుగు పొరలు లేపారు. మళ్ళీ కొట్టారు. మళ్ళీ నాలుగు పొరలు. మళ్ళీ కొట్టారు. అలా ఎన్నిసార్లో. ఒక దశలో ఆ 'టక్' కాస్తా 'టుంగ్' అయింది. చెక్కముక్క గంటలా మోగింది. ఆయన చిత్రిక కింద పెట్టేశారు.

నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. సంతలో కుండ కొనేటప్పుడు ప్రతి కుండనీ వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, "ఇది పలకట్లేదు, వద్దు" అని పక్కన పెట్టేది. అదే పని. అదే చెవి.

తర్వాత ఆయన రెండు పలకలు నా చేతికిచ్చారు. ఒకే చెట్టు నుంచి కోసినవి. ఒకే మందం. కొట్టి చూడమన్నారు. ఒకటి కంచులా మోగింది, రెండోది మట్టిలా. "యంత్రానికి ఈ రెండూ ఒకటే. ఎంత మందం పెడితే అంత మందానికీ కోస్తుంది. నేను మాత్రం ఈ రెండోదాన్ని ఇంకా పల్చగా తియ్యాలి" అన్నారు. చేత్తో చేసిన వాద్యానికి మనమిచ్చే డబ్బు ఇందుకే. దాని నగిషీకి కాదు, మెరుపుకి కాదు. ఏ కర్ర ఎంతవరకు తియ్యాలో చెవితో తెలుసుకున్నందుకు. మనమూ కొనేటప్పుడు అదే చెవిని వాడాలి.

ఇంత పని అవసరమని కనిపెట్టిందెవరు? మాండలిన్ పుట్టిల్లు ఇటలీ. నేపుల్స్ నగరంలో వినాచియా కుటుంబం 18వ శతాబ్దం నుంచి చేసిన మాండలిన్లు వెనకవైపు సొరకాయని నిలువునా కోసినట్టు గుండ్రంగా ఉంటాయి. అమెరికాలో కలమజూ అనే ఊళ్ళో ఆర్విల్ గిబ్సన్ అనే ఆయన, వయొలిన్ లాగా పలకని చెక్కితే ఎలా ఉంటుందని ఆలోచించాడు. 1898లో దానికి పేటెంటు తెచ్చుకున్నాడు. ఆయన పేరుతో వెలసిన కంపెనీలోనే 1920లలో లాయిడ్ లోర్ అనే ఆయన, పైపలకకి వయొలిన్ లాంటి రంధ్రాలు పెట్టి ఎఫ్-5 అనే నమూనా తీర్చాడు. పలకల్ని ఒక్కొక్కటిగా శ్రుతి చూసి, లోపల చీటీ మీద సంతకం చేసేవాడు. ఇవాళ్టికీ చాలామంది పనివాళ్ళకి అదే కొలబద్ద.

ఆ సంతకం ఉన్న ఒక మాండలిన్ కథ వినండి. చీటీ మీద తేదీ 1923 జులై 9. బ్లూగ్రాస్ అనే అమెరికా జానపద బాణీకి పితామహుడని చెప్పుకునే బిల్ మన్రో దాన్ని 1940లలో ఫ్లోరిడాలో ఒక బార్బర్ షాపులో చూసి కొన్నాడు. అక్కణ్ణుంచి నలభై ఏళ్ళకు పైగా అదే ఆయన గొంతు. 1985లో ఎవరో ఇంట్లో జొరబడి, పొయ్యి ఎగదోసే ఇనపచువ్వతో దాన్ని బద్దలుకొట్టారు. వందల ముక్కలు. చార్లీ డెరింగ్టన్ అనే పనివాడు ఆ పీచుల్ని ఏరి, ఒక్కొక్కటే అతికించి, నెలల తరబడి కూర్చుని నిలబెట్టాడు. బిల్ మన్రో మళ్ళీ దానితోనే కచేరీలు చేశాడు. చేత్తో కూర్చినదాన్ని, చెయ్యి తెలిసినవాడు మళ్ళీ కూర్చగలడు. పనివాణ్ణి ఎంచుకునేటప్పుడు ఈ సంగతి మనసులో పెట్టుకోండి. పదేళ్ళ తర్వాత వాద్యానికి జబ్బు చేస్తే చూసేవాడు ఆయనే.

సరే, ఇప్పుడు వాద్యం మీ ముందుంది. ఏం చెయ్యాలి?

ఒక పని చెబుతాను, వింతగా అనుకోకండి. వాద్యానికి వీపు పెట్టి కూర్చోండి. మీతో వచ్చినవాళ్ళని వాయించమనండి. రెండు మూడు వాద్యాలుంటే, ఏది ఏదో చెప్పకుండా వాయించమనండి. అప్పుడు చెవి ఒక్కటే పనిచేస్తుంది. నేను ఆ షెడ్డులో అలాగే చేశాను. తలకాయ దగ్గర చక్కగా చుట్ట తిరిగి, పక్కల కొమ్ములు తీర్చిన మాండలిన్ ఒకటి నా కంటికి నచ్చింది. దాన్ని ఎఫ్ ఆకారం అంటారు. చుట్టలూ కొమ్ములూ లేని, కన్నీటి బొట్టులాంటి సాదా మాండలిన్ ఇంకొకటి. దాన్ని 'ఏ' (A) ఆకారం అంటారు. వెనక్కి తిరిగి వింటే నా చెవి సాదా దాన్నే పట్టుకుంది. ఆ చుట్ట తీర్చడానికి పనివాడికి ఎన్నో రోజులు పడుతుంది, అందుకే ధర బాగా పెరుగుతుంది. నాదం ఆ చుట్టలో లేదు. డబ్బు చూసి ఖర్చుపెట్టేవాళ్ళు నిస్సంకోచంగా ఆ సాదా 'ఏ' ఆకారమే తీసుకోండి. ఇది నా తీర్పు.

రంధ్రం సంగతి కూడా చెప్పాలి. వయొలిన్ లాంటి రంధ్రాలుంటే నాదం చురుగ్గా, పదునుగా దూరం పోతుంది. కోడిగుడ్డు ఆకారం రంధ్రమైతే నాదం నిండుగా ఉంటుంది, కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. మైకు లేకుండా మన కీర్తనలు వాయించుకునేవాళ్ళకి గుడ్డు రంధ్రమే మేలని నా చెవి చెబుతుంది.

ఆ తర్వాత వాద్యం మీరు చేతిలోకి తీసుకోండి. పాట వాయించకండి. పాట వాయిస్తే పాటే వినిపిస్తుంది, వాద్యం వినిపించదు. ఒక్కో తీగ, ఒక్కో మెట్టు, నిదానంగా. ఎక్కడైనా స్వరం గొంతు నొక్కినట్టు చచ్చిపోతోందా? ఎక్కడైనా బర్రుమంటోందా? ఆఖరున ఖాళీ తీగ మీటండి, అదే తీగని పన్నెండో మెట్టు మీద నొక్కి మీటండి. రెండూ ఒకే స్వరం, స్థాయి మాత్రమే వేరు. కాస్త తేడా ఉన్నా చెప్పండి. మొహమాటపడకండి. మాండలిన్ బ్రిడ్జి అతికించి ఉండదు, తీగల ఒత్తిడికే నిలబడి ఉంటుంది. మంచి పనివాడు మీ కళ్ళముందే జరిపి సరిచేస్తాడు. ఇంటికెళ్ళాక తీగలు మార్చేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోండి. అన్నీ ఒకేసారి విప్పితే బ్రిడ్జి కదిలిపోతుంది. ఒక్కోటీ మార్చుకోండి.

ఆ షెడ్డులో ఆయన నా చెయ్యి పట్టుకుని చూశారు, నాడి చూసే వైద్యుడిలాగా. నా వేళ్ళు లావు. మెడ వెడల్పు మామూలు కన్నా రెండు మిల్లీమీటర్లు ఎక్కువ పెట్టాలన్నారు. రెండు మిల్లీమీటర్లే! దానితో నా చెయ్యి నలభై ఏళ్ళ తర్వాత తీగల మధ్య ఊపిరి పీల్చుకుంది. కొట్లో ఈ రెండు మిల్లీమీటర్లు దొరకవు.

అక్కడే చేయించుకున్నాను, సాదా దాన్నే. పది నెలలు పట్టింది. వాళ్ళ ఊరి గాలి పొడి. మాది సముద్రం ఒడ్డు. ఆ మాట ముందే చెప్పాను. చెప్పి తీరాలి. చెక్క గాలిలో తేమ తాగుతుంది, ఉబ్బుతుంది. ఎండ పెరిగితే ఆరుతుంది, చిట్లుతుంది. వాద్యం ఎక్కడ బతకబోతోందో చేసేవాడికి తెలియాలి. ఏసీ గాలికి ఎదురుగా పెట్టకండి. ఎండలో నిలిపిన కారులో అసలే వదలకండి. ఒక్క మధ్యాహ్నం చాలు, జిగురు వదిలేస్తుంది.

ఇంకో రెండు ముక్కలు. అడ్వాన్సు ఇచ్చేముందు ఆ పనివాడు ఐదారేళ్ళ క్రితం చేసిన మాండలిన్ ఒకటి ఎవరి దగ్గరైనా ఉంటే వెళ్ళి వినండి. కొత్తది అందరికీ బాగానే మోగుతుంది. ఐదేళ్ళ తర్వాత ఎలా ఉందో చూడాలి. నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా, ఎన్నాళ్ళలో ఇస్తారు, ఈ రెండూ కాగితం మీద రాయించుకోండి. నిజాయితీ ఉన్న పనివాడు దీనికి నొచ్చుకోడు.

మరి పిల్లలకి? మొదటి ఏడాది పిల్లలకి ఇంత ఖరీదైనది వద్దు. మామూలు మాండలినే కొనండి. మిగిలిన డబ్బులో కొంత, వాద్యాలు బాగుచేసే మంచి పనివాడికి ఇచ్చి సరిచేయించండి. రెండు మూడేళ్ళు వాయించాక, పిల్లవాడికి తన చెవి ఏం అడుగుతోందో తెలుస్తుంది. చేత్తో చేయించే వాద్యం గురించి అప్పుడు ఆలోచించండి. అప్పుడు కూడా పిల్లవాణ్ణే వెంట తీసుకెళ్ళండి. వాడి చెవినే అడగండి.

మీ ఇంట్లో మాండలిన్ నేర్చుకుంటున్న పిల్లలుంటే ఒక చిన్న పని చెయ్యండి. ఇవాళ రాత్రే చెయ్యండి. వాళ్ళ మాండలిన్ తీసి, పన్నెండో మెట్టు మీద తీగ కింద ఒక పది రూపాయల నాణెం దూర్చి చూడండి. ఒకటి దూరి ఆనుకుంటే ఫరవాలేదు. రెండు దూరితే రేపే తీసుకెళ్ళి బాగుచేయించండి. అలాగే ఒకసారి పిల్లల వేళ్ళ కొసలు కూడా చూడండి.